మెడ, భుజం, నడుం నొప్పికి సూదులు: ఆక్యుపంక్చర్‌కు పోవాలా, డ్రై నీడ్లింగ్‌కా?

మెడ పట్టేసి నెల దాటింది. బామ్ రాసినా, కాపడం పెట్టినా తగ్గట్లేదు. ఎవరో సూదులు పెట్టించుకుంటే పోతుందన్నారు. సరే వెళ్దామని చూస్తే ఒకచోట ఆక్యుపంక్చర్ అని బోర్డు, ఇంకోచోట ఫిజియోథెరపీ క్లినిక్ బోర్డు మీద కింద చిన్నగా డ్రై నీడ్లింగ్ అని. రెండుచోట్లా గుచ్చేది దాదాపు అదే సన్న సూది, రెండింట్లోనూ మందేమీ ఉండదు. మరి ఎవరి దగ్గరికి పోవాలి? హనుమకొండ, కాజీపేట, వరంగల్ వైపు వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా గానీ కరీంనగర్, మంచిర్యాల, భూపాలపల్లి వాళ్లకూ ఇదే లెక్క.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తా. వేలు పెట్టి ‘ఇదిగో ఇక్కడ’ అని చూపించగలిగే కండరం నొప్పి అయితే డ్రై నీడ్లింగ్. ఒళ్లంతా తిరిగే పాత నొప్పి అయితే, లేదా గుచ్చిన మర్నాడు సలుపుతో పని మానుకోలేని పరిస్థితి అయితే ఆక్యుపంక్చర్. ఏది చేయించుకున్నా, సూది తీసి ‘మళ్లీ గురువారం రండి’ అని పంపేసి, ఇంట్లో చేసుకునే వ్యాయామం ఒక్కటి కూడా చెప్పని చోటికి మాత్రం రెండోసారి పోవద్దు.

అసలు ఇది సూదికి లొంగే నొప్పేనా

ఇది తేల్చుకోకుండా మిగతాది చదివి లాభం లేదు. నడుం నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గుతున్నా, మూత్రం ఆగకపోయినా, అసలు రాకపోయినా, మలమూత్రాల దగ్గర తిమ్మిరిగా ఉన్నా ఏ సూదీ వద్దు, నేరుగా ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో ఎమర్జెన్సీకి పోవాలి. జ్వరంతో వచ్చే నడుం నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం, కింద పడ్డాక మొదలైన నొప్పి, వీటన్నిటికీ ముందు డాక్టరు చూడాలి. ఎడమ భుజం, దవడ గుంజుతూ చెమటలు పడుతున్నా, నడిస్తే ఎక్కువై ఆగితే తగ్గుతున్నా ‘కండ పట్టింది’ అనుకోకుండా ఈసీజీ తీయించుకోండి.

ఇంకో రకం ఉంది. ఒక్కచోట కాదు, ఒళ్లంతా నొప్పులు. దీనికి విటమిన్ డి తక్కువ కావడం, థైరాయిడ్, కొలెస్ట్రాల్‌కు వేసుకునే స్టాటిన్ మాత్రలు కూడా కారణం కావచ్చు. చికున్‌గున్యా వచ్చి పోయాక కీళ్లు నెలల తరబడి నొప్పి పెడతాయి, అది కండరం ముడి కాదు. ఒక రక్తపరీక్షతో తేలేదానికి పది సిట్టింగులు గుచ్చించుకోవడం దండగ.

ఇవేవీ కాకపోతే ఇంట్లోనే ఒకటి చూసుకోండి. నొప్పి ఉన్న కండరాన్ని వేళ్లతో నెమ్మదిగా నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా తాడులా తగులుతుంది, అక్కడ నొక్కగానే మీకు రోజూ వచ్చే నొప్పే మళ్లీ వస్తుంది, చాలాసార్లు వేరే చోటికి పాకుతుంది. భుజం మీది ట్రపీజియస్ కండరాన్ని నొక్కితే మెడ పక్క నుంచి కణత దాకా గుంజుతుంది. రెక్క ఎముక వెనకాల ఉండే ఇన్‌ఫ్రాస్పైనేటస్‌ను నొక్కితే నొప్పి భుజం ముందువైపు తెలుస్తుంది. పిరుదు లోపలి గ్లూటియస్ మినిమస్ అయితే కాలు బయటివైపు కిందిదాకా లాగి, అచ్చం సయాటికా అనిపిస్తుంది. వీటినే ట్రిగర్ పాయింట్లు అంటారు. డ్రై నీడ్లింగ్ అంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఆక్యుపంక్చర్‌లో ఏం చేస్తారు

చైనాలో 2000 ఏళ్లకు పైగా ఉన్న పద్ధతి. ఒంట్లో శక్తి ప్రవహించే దారులుంటాయని, వాటి మీద 361 ముఖ్యమైన బిందువులున్నాయని దాని లెక్క. అందుకే మెడ నొప్పికి వెళ్తే మెడ దగ్గర ఆగరు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలోనో, మోకాలి కిందనో కూడా పెడతారు. పది, పదిహేను సూదులు పెట్టి 20 నుంచి 30 నిమిషాలు అలాగే ఉంచుతారు. మొదట చిన్న చురుకు, ఆ తర్వాత బరువుగా, మొద్దుబారినట్టు ఒక లాగుడు, అంతే. చాలామంది బల్ల మీదే నిద్రపోతారు.

మన దేశానికి ఇది కొత్తేమీ కాదు. 1938లో డాక్టర్ కోట్నీస్‌తో కలిసి చైనాకు వెళ్లిన వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి చట్టమే చేసింది, కేంద్రం 2019లో వైద్య పద్ధతిగా గుర్తించింది. అయితే బోర్డు మీద ‘ఆక్యుపంక్చర్ డాక్టర్’ అని ఉన్నంత మాత్రాన ఎంబీబీఎస్ అయినట్టు కాదు. నేచురోపతి డిగ్రీ బీఎన్‌వైఎస్ చదివినవాళ్లు దీన్ని కోర్సులో భాగంగానే చదువుతారు. మిగతావాళ్లు ఎక్కడ, ఎంతకాలం నేర్చుకున్నారో అడిగి తెలుసుకోవాలి.

డ్రై నీడ్లింగ్‌లో ఏం చేస్తారు

దీని కథ వేరు. ట్రిగర్ పాయింట్ల పటాలు గీసిన జానెట్ ట్రావెల్, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి డాక్టరు, ఆ ముడుల్లోకి మందు ఎక్కించేవారు. 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ ‘మందు కన్నా సూదే పని చేస్తున్నట్టుంది’ అన్న సంగతిని వైద్య పత్రికలో రాశారు. ఆ దారిలో ఫిజియోథెరపీలోకి వచ్చిందిది. శక్తి దారులూ, నాడి చూడటం ఇందులో ఉండవు. ఏ కండరం బిగుసుకుందో వెతికి దాన్నే గుచ్చుతారు.

ఎలా ఉంటుందో చెప్తా. బోర్లా పడుకోబెట్టి, భుజం మీది కండను బొటనవేలు, రెండు వేళ్ల మధ్య పట్టుకుని పైకి లేపుతారు. ఆ పట్టు ఊరికే కాదు, దాని కిందే ఊపిరితిత్తి పైకొన ఉంటుంది, సూది అటు పోకుండా ఆ జాగ్రత్త. స్పిరిట్ దూదితో తుడిచి, సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో ఉన్న సూదిని చర్మం మీద ఆనించి పైనుంచి వేలితో టక్‌మని కొడతారు. అప్పటికి నొప్పేమీ ఉండదు. గొట్టం తీసేసి సూదిని లోపల పైకీ కిందికీ ఆడిస్తారు, ముడి దొరికిన క్షణంలో కండ గాలానికి తగిలిన చేపలా ఒక్కసారి ఎగిరిపడుతుంది. మన ప్రమేయం లేకుండా జరిగిపోతుంది. మొదటిసారి చాలామంది ‘అమ్మా’ అంటారు. రెండు మూడుసార్లు ఎగిరాక ఆ కండ మెత్తబడి, మెడ తిప్పితే ఇంతకుముందు కన్నా కొంచెం ఎక్కువ తిరుగుతుంది. అసలు గుచ్చే పని ఒక్కో చోట నిమిషం కూడా పట్టదు. కాకపోతే ఆ సాయంత్రం నుంచి మర్నాడంతా, ఒక్కోసారి మూడోరోజు దాకా, గట్టిగా గుద్దినచోట ఉన్నట్టే సలుపు ఉంటుంది. క్లినిక్‌లో ఈ సంగతి ముందే చెప్పాలి. చెప్పకపోతే మనిషి ‘సూదితో ఇంకా ఎక్కువైంది’ అని టెన్షన్ పడి అక్కడితో మానేస్తాడు.

పని చేస్తాయా

చేస్తాయి, కానీ బోర్డుల మీద రాసినంత కాదు. 2007లో వెలువడ్డ ఒక జర్మనీ అధ్యయనంలో పాత నడుం నొప్పి ఉన్న 1162 మందిని మూడు గుంపులు చేశారు. ఆర్నెల్ల తర్వాత మెరుగైనవాళ్లు అసలు ఆక్యుపంక్చర్‌లో 47.6 శాతం, బిందువులు కాని చోట్ల పైపైన ఉత్తుత్తిగా గుచ్చినవాళ్లలో 44.2 శాతం, మందులు, వ్యాయామం లాంటి మామూలు చికిత్సలో 27.4 శాతం. అంటే గుచ్చించుకోవడం వల్ల మేలుంది, సరిగ్గా ఆ 361లో ఏ బిందువు అన్నది మాత్రం మనం అనుకున్నంత ముఖ్యం కాదు. ‘మా గురువు చెప్పిన రహస్య బిందువు’ అని ఎవరైనా ఎక్కువ ఫీజు అడిగితే ఈ అంకెలు గుర్తు చేసుకోండి. 2018లో 39 అధ్యయనాలు, 20 వేలకు పైగా రోగుల వివరాలు కలిపి చూసినప్పుడు ఆక్యుపంక్చర్ మేలు ఏడాది తర్వాత కూడా చాలావరకు నిలిచిందని తేలింది. ఏడాదిలో ఆ మేలు తగ్గింది సుమారు 15 శాతమే.

డ్రై నీడ్లింగ్ మీద అధ్యయనాలు ఎక్కువే వచ్చాయి గానీ చిన్నవి. కొన్ని వారాల వరకు నొప్పి తగ్గుతుందని చాలావాటిలో కనిపిస్తుంది, నెలలు గడిచాక తేడా పెద్దగా మిగలదు. పైగా ట్రిగర్ పాయింట్ అనే భావన మీదే పరిశోధకులకు పేచీ ఉంది, ఒకే మనిషిని ఇద్దరు నిపుణులు వేళ్లతో వెతికితే చాలాసార్లు ఇద్దరూ ఒకేచోట చూపించరు. ఇక బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ ఇవ్వొద్దంది. అదే సంస్థ 2021లో వేరే జబ్బేదీ కారణంగా తేలని దీర్ఘకాలపు నొప్పికి ఆక్యుపంక్చర్ గానీ డ్రై నీడ్లింగ్ గానీ ఒక కోర్సు ఇచ్చి చూడొచ్చంది. అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2017లో నడుం నొప్పికి కూడా ఆక్యుపంక్చర్‌ను జాబితాలో పెట్టింది. పెద్ద సంస్థలే ఒక మాట మీద లేనప్పుడు ‘వంద శాతం గ్యారంటీ’ అనేవాణ్ని నమ్మాల్సిన పని లేదు.

ఇక పక్కపక్కన పెట్టి చూద్దాం. చివరి నిలువు వరస మరిచిపోకండి, అది సూది లేకుండా చేసే మామూలు ఫిజియోథెరపీ.

| చూడాల్సింది | ఆక్యుపంక్చర్ | డ్రై నీడ్లింగ్ | సూది లేని ఫిజియోథెరపీ |
|---|---|---|---|
| ఏ నొప్పికి నప్పుతుంది | పాతది, అక్కడక్కడా తిరిగేది, తలనొప్పితో కలిసి వచ్చేది | ఒకే కండరంలో ముడి, కదలిక ఆగిపోయినది | దాదాపు అన్నిటికీ |
| ఎక్కడ గుచ్చుతారు | నొప్పి చోటా, దూరంగా చేతులు కాళ్లలోనూ | నొప్పి పుట్టే కండరంలోనే | గుచ్చరు |
| సూది ఎంతసేపు | 20–30 నిమిషాలు | కొన్ని సెకన్ల నుంచి కొద్ది నిమిషాలు | లేదు |
| మర్నాటి సలుపు | తక్కువ | ఒకటి రెండు రోజులు మామూలే | కొత్త వ్యాయామం వల్ల కొంచెం |
| సిట్టింగులు | ఆరు నుంచి పన్నెండు | మూడు నుంచి ఆరు, వ్యాయామంతో కలిపి | నేర్చుకున్నాక ఇంట్లోనే |
| మేలు తెలిసేది | నెమ్మదిగా | తొందరగా, కదలికలో ముందు | వారాలు పడుతుంది, ఎక్కువకాలం నిలుస్తుంది |

ఎవరికి ఏది

బీడీలు చుట్టే ఆడవాళ్ల సంగతి ముందు చెప్పాలి. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎన్నో ఇళ్లలో ఇదే బతుకు. ఒళ్లో చేట, వంచిన తల, తునికాకు చుట్టి దారం కట్టే వేళ్లు, సాయంత్రానికి మెడ నుంచి రెక్క దాకా ఒకటే గుంజుడు. ముడి చేతికి తగులుతూనే ఉంటుంది కాబట్టి చూడగానే డ్రై నీడ్లింగ్ అనిపిస్తుంది. కానీ కుడి భుజం గుచ్చించుకుంటే మర్నాడు చెయ్యి ఆడదు, లెక్క తక్కువైతే కూలీ తక్కువ. అందుకే రెండు దారులు: పని లేని రోజుకు ముందురోజు నీడ్లింగ్ చేయించుకోవడం, అదీ ఒకసారికి ఒక్క వైపే. లేదా ఆక్యుపంక్చర్, అది మర్నాటి పనికి అంతగా అడ్డు రాదు. రెండింటికన్నా ముందు చేటను ఒళ్లోంచి తీసి కొంచెం ఎత్తు పీట మీద పెట్టుకుని చూడండి, గంటకోసారి లేచి భుజాలు వెనక్కి తిప్పండి, దానికి పైసా ఖర్చు లేదు. వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలు, మిరప ఏరి, పత్తి ఏరి నడుం పట్టినవాళ్లు: ఇక్కడ నేను ఏ సూదినీ మొదట పెట్టను. నడుం నొప్పికి అన్నిటికన్నా గట్టి ఆధారం కదలికకూ వ్యాయామానికీ ఉంది. కదలలేనంత పట్టేస్తే ఒకటి రెండుసార్లు నీడ్లింగ్‌తో బిగువు వదిలించుకుని వెంటనే వ్యాయామంలోకి రావచ్చు, అంతే.

ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లు, నిట్ హాస్టల్ పిల్లలు, జిమ్‌లో భుజం పట్టినవాళ్లు, స్టేడియంలో పరిగెత్తి పిక్క పట్టినవాళ్లు. వీళ్లకు డ్రై నీడ్లింగ్ బాగా నప్పుతుంది, ఎందుకంటే సలుపు భరిస్తారు, వ్యాయామం చేస్తారు, తొందరగా ఆటలోకో పనిలోకో పోవాలి.

ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి నుంచి బస్సెక్కి హనుమకొండ రావాల్సినవాళ్లకు ఫీజు కన్నా రానుపోను ఖర్చూ, పోయిన కూలీ ఎక్కువ. వారానికి రెండుసార్లు చొప్పున పన్నెండు సిట్టింగుల ఆక్యుపంక్చర్ వాళ్లకు సాగదు. ఒకసారి వచ్చి మంచి ఫిజియోథెరపిస్టుతో పరీక్ష చేయించుకుని, అవసరమైతే అదేరోజు నీడ్లింగ్ చేయించుకుని, వ్యాయామాలు ఫోన్‌లో వీడియో తీయించుకుని పోవడం మేలు.

పెద్దవయసువాళ్లకు జాగ్రత్తలు ఎక్కువ. గుండెకు స్టెంట్ వేసి క్లోపిడోగ్రెల్ వాడుతున్నా, వార్ఫరిన్ లాంటి రక్తం పలుచన చేసే మందులు వాడుతున్నా లోతుగా గుచ్చి ఆడించే డ్రై నీడ్లింగ్ వల్ల లోపల నెత్తురు గూడుకట్టే ప్రమాదం ఉంది. సూది కోసం ఆ మాత్రలు సొంతంగా ఆపడం అంతకన్నా ప్రమాదం. షుగర్ అదుపులో లేకపోతే ఇన్ఫెక్షన్ భయం. కొన్నిచోట్ల గుచ్చిన సూదులకు సన్నగా కరెంటు కూడా పెడతారు, పేస్‌మేకర్ ఉంటే అది పెట్టించుకోవద్దు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచేవాళ్లు ఆ చేతికి అసలు గుచ్చించుకోవద్దు. గర్భిణులు మాత్రం తమను చూసే డాక్టరును అడగకుండా దేనికీ పోకూడదు.

సూదంటేనే కళ్లు తిరిగేవాళ్లు సూది లేని ఫిజియోథెరపీకే పోండి. ధైర్యం తెచ్చుకుని గుచ్చించుకోవాల్సినంత గొప్ప తేడా ఏమీ లేదు.

ఆర్‌ఎంపీ సూది సంగతి

ఇది పోలికలో లేదు గానీ మన ఊళ్లలో అసలు పోటీ దీనితోనే. ‘డాక్టర్ సాబ్, జర సూదెయ్యరాదు, పొద్దుగాల పనికి పోవాలె’ అని అడిగి వేయించుకునేది మందున్న ఇంజెక్షన్, ఎక్కువగా డైక్లోఫినాక్, ఒక్కోసారి స్టెరాయిడ్. పూటలో నొప్పి తగ్గుతుంది, నిజమే. కానీ నెలకు నాలుగుసార్లు వేయించుకుంటే కడుపులో పుండ్లు, కిడ్నీ మీద భారం, స్టెరాయిడ్ అయితే షుగర్ పెరగడం. పైన చెప్పిన రెండు సూదులకూ ఈ బాధ లేదు.

ప్రమాదం ఎంత

ఐర్లాండ్‌లో ఫిజియోథెరపిస్టులు చేసిన 7629 డ్రై నీడ్లింగ్ చికిత్సల లెక్క 2014లో వచ్చింది. సుమారు 19 శాతం సార్లు చిన్న ఇబ్బందులు, కమిలిపోవడం, రెండు చుక్కల నెత్తురు, నొప్పి లాంటివి. పెద్ద ప్రమాదం ఒక్కటీ లేదు. బ్రిటన్‌లో 34 వేల ఆక్యుపంక్చర్ చికిత్సలు గమనించి 2001లో రాసినప్పుడూ అంతే. ఇవి శిక్షణ ఉన్న చేతుల లెక్కలని మాత్రం గుర్తుంచుకోవాలి. అరుదైనా భయపడాల్సింది ఒకటే: భుజం మీద, రెక్కల మధ్య, పక్కటెముకల దగ్గర లోతుగా పోయిన సూది ఊపిరితిత్తికి తగలడం. గుచ్చిన కొన్ని గంటల్లో, ఒక్కోసారి మర్నాడు కూడా, ఊపిరి తీసుకుంటే ఛాతీలో పొడిచినట్టున్నా, ఆయాసం వచ్చినా, పొడి దగ్గు మొదలైనా సలుపేలే అని పడుకోవద్దు. ఎమర్జెన్సీకి వెళ్లి ‘ఇక్కడ సూది గుచ్చారు’ అని చూపించి చెప్పండి, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు.

వెళ్లే ముందు ఫోన్‌లో, వెళ్లాక అక్కడ

ఫోన్‌లోనే అడగండి: చదివింది ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీయా, పీజీ ఎంపీటీయా, నీడ్లింగ్ విడిగా ఎక్కడ నేర్చుకున్నారు. డిగ్రీ ఉన్న ఫిజియోథెరపిస్టుకు కండరాలు, నరాలు తెలుసు, అది పెద్ద బలం. కానీ నీడ్లింగ్‌ను చాలామంది డిగ్రీ తర్వాత కొద్దిరోజుల వర్క్‌షాపులో నేర్చుకుంటారు, కాబట్టి ఎంతకాలంగా చేస్తున్నారన్నది కూడా అడగడంలో తప్పు లేదు. అడిగితే చిరాకు పడే చోటు వదిలేయండి. నాకు తెలిసిన ఒక క్లినిక్‌లో ట్రేలో విప్పి ఉంచిన సూదులు కనిపించాయి, అడిగితే ‘స్టెరిలైజ్ చేసినవే’ అన్నారు. లేచి వచ్చేశాను. సూది మీ కళ్లముందే ప్యాకెట్ చించి తీయాలి, వాడాక గట్టి డబ్బాలో పడేయాలి. ఒక్కో సూది ఖరీదు రూపాయల్లోనే, అక్కడ పొదుపు చేసేవాళ్ల దగ్గర మనకేం పని. ఆక్యుపంక్చర్‌లో సూదులు ఎన్ని పెట్టారో, ఎన్ని తీశారో లెక్క అడగండి, జుట్టులోనో బట్టల మడతలోనో ఒకటి మరిచిపోవడం జరిగేదే.

సిట్టింగ్‌కు ఖాళీ కడుపుతో పోవద్దు, కళ్లు తిరుగుతాయి. వాడే మందుల చీటీ వెంట తీసుకుపోండి. మొదటిసారి మెడకో భుజానికో అయితే బండి మీద ఒక్కరే పోకుండా ఎవరినైనా వెంట పెట్టుకోండి. ఆ రోజు బరువులు ఎత్తొద్దు, అలాగని మంచమెక్కొద్దు, చెప్పిన కదలికలు మెల్లగా చేస్తూ ఉండండి.

మొదటి రోజే ఒక పని పెట్టుకోండి: మెడ ఎంతవరకు తిరుగుతోంది, చెయ్యి వీపు మీద ఎక్కడిదాకా పోతోంది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, రాసుకోండి. నీడ్లింగ్ అయితే మూడు సిట్టింగులకు, ఆక్యుపంక్చర్ అయితే ఆరింటికి వీటిలో ఏదీ మారకపోతే ఆపేయండి, నొప్పి మూలం వేరే ఉందేమో ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. మొదటిరోజే పది సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టమంటే, డిస్కౌంట్ ఇస్తామన్నా సరే, ఏ సిట్టింగ్‌కు ఆ సిట్టింగ్ కడతానని చెప్పండి.